అమెరికన్ ఫుట్‌బాల్: ఆప్షన్ ఆఫెన్స్‌లో బలమైన ఫుల్‌బ్యాక్‌కి అసలు పనేమిటి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. మీ అబ్బాయి హైస్కూల్లో సోఫోమోర్ (రెండో ఏడాది విద్యార్థి), 5 అడుగుల 9 అంగుళాలు, 195 పౌండ్లు. నిరుటి వరకు మామూలు రన్నింగ్ బ్యాక్‌గా (బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా) ఆడాడు. ఈ ఏడాది కొత్త కోచ్ వచ్చి ఫ్లెక్స్‌బోన్ ఆప్షన్ (బంతి ఎవరు మోయాలో ఆట మొదలయ్యాక తేల్చే ఆఫెన్స్, అంటే దాడి పద్ధతి) మొదలుపెట్టి, బాబుని మధ్యలో ఫుల్‌బ్యాక్‌గా నిలబెట్టాడు. "ఇక నాకు బంతి రాదు, ఊరికే వెళ్లి గుద్దుకోవడమే" అని వాడు డీలా పడ్డాడు. బలంగా పరిగెత్తే బ్యాక్‌కి ఈ ఆఫెన్స్‌లో నిజంగా విలువ ఉందా, లేక కోచ్ వాడిని పక్కన పెట్టేశాడా అని మీ సందేహం.

సూటిగా చెబుతాను. ఆ ఆఫెన్స్‌లో మొదటి రన్నర్ మీ అబ్బాయే. అవతలి డిఫెన్స్ ప్రతి ఆటలోనూ, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, ముందు ఆపాల్సింది వాడిని. వాడిని ఆపడానికి ఎంతమందిని ఖర్చు పెట్టారన్న దాన్ని బట్టే ఆటని నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి, పక్కల ఉండే స్లాట్ బ్యాక్‌లకి, ఆఖరికి పాస్ పట్టే రిసీవర్‌కి కూడా ఎంత చోటు దొరుకుతుందో తేలుతుంది. పక్కన పెట్టాలనుకున్న పిల్లాడిని ఏ ఆప్షన్ కోచ్ కూడా అక్కడ నిలబెట్టడు. నేను జార్జియాలో ఒక హైస్కూల్ జట్టుకి చాలా ఏళ్లుగా బ్యాక్స్‌ని చూసుకునే అసిస్టెంట్ కోచ్‌ని. మేం ఆడేదీ ఇదే ఆఫెన్స్ కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆట ఎలా నడుస్తుందో చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. ఫ్లెక్స్‌బోన్‌లో క్వార్టర్‌బ్యాక్, బంతిని వెనక్కి అందించే సెంటర్ వెనకే ఉంటాడు. అతనికి తిన్నగా వెనక, లైన్ నుంచి సుమారు నాలుగు యార్డుల దూరంలో, చేయి నేలకి ఆనించి ఫుల్‌బ్యాక్ ఉంటాడు. కొందరు కోచ్‌లు వాడిని బి-బ్యాక్ అంటారు. రెండు వైపులా టాకిల్స్ (లైన్ చివర ఉండే ఆటగాళ్లు) వెనక పక్కగా ఇద్దరు స్లాట్ బ్యాక్స్. ఇన్‌సైడ్ వీర్ అనే ప్రధానమైన ఆటలో డిఫెన్సివ్ లైన్‌లో ఒకడిని కావాలనే బ్లాక్ చేయకుండా (అడ్డుకోకుండా) వదిలేస్తారు. చాలాసార్లు అతను లైన్ చివర ఉండే డిఫెన్సివ్ ఎండ్. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్టలో పెట్టి ఆ మనిషిని చూస్తాడు. అతను ఫుల్‌బ్యాక్ మీదకి లోపలికి వచ్చాడా, బంతి వెనక్కి లాగేసి తనే బయటికి పరిగెత్తుతాడు. బయటే ఉండిపోయాడా, బంతి ఫుల్‌బ్యాక్‌కి వదిలేస్తాడు. లాగేసిన తరువాత ఎదురయ్యే రెండో మనిషిని కూడా బ్లాక్ చేయరు. అతను క్వార్టర్‌బ్యాక్ మీదకి వస్తే బంతి స్లాట్‌కి పిచ్ అవుతుంది. డైవ్ (ఫుల్‌బ్యాక్‌కి), కీప్ (క్వార్టర్‌బ్యాక్ దగ్గరే), పిచ్ (స్లాట్‌కి విసరడం) అని మూడు దారులు ఉన్నాయి కాబట్టే ట్రిపుల్ ఆప్షన్ అన్నారు.

ఇప్పుడు ఆ వదిలేసిన డిఫెండర్ వైపు నుంచి ఆలోచించండి. ఫుల్‌బ్యాక్ బలహీనుడైతే అతనికి టెన్షన్ లేదు. తను బయటే ఉండి క్వార్టర్‌బ్యాక్ సంగతి చూసుకుంటాడు, మధ్యలోకి వచ్చిన ఫుల్‌బ్యాక్‌ని లైన్ వెనక కాచుకునే ఒక లైన్‌బ్యాకర్ ఒంటి చేత్తో రెండు యార్డుల దగ్గర పడేస్తాడు. అంటే ఒక్క మనిషితో డైవ్ ఆగిపోయింది, మిగతా వాళ్లంతా బయట కాచుకుని ఉన్నారు. మూడు దారుల ఆఫెన్స్ కాస్తా రెండు దారులది అయిపోయింది. అదే ఫుల్‌బ్యాక్ బలమైనవాడైతే ఆ ఒంటి చేయి చాలదు. రెండు యార్డులు కావలసిన చోట ఐదు వస్తాయి. అలా నాలుగైదుసార్లు జరిగాక ఎండ్ లోపలికి ముడుచుకుంటాడు, రెండో లైన్‌బ్యాకర్ బయటికి పరిగెత్తడానికి తటపటాయిస్తాడు, అందరికన్నా వెనక ఉండే సేఫ్టీ పది యార్డుల దూరం నుంచి ఏడుకి దిగుతాడు. ఇవన్నీ మీ అబ్బాయి గుద్దిన గుద్దుల వల్ల వచ్చినవే, కానీ స్కోర్‌బుక్‌లో వాడి పేరు మీద పడవు. కబడ్డీ చూసినవాళ్లకి ఇది తెలిసిన విషయమే. నలుగురు పట్టినా గీత దాకా ఈడ్చుకుపోయే రైడర్ ఉన్న జట్టులో, అతని తరువాత కూతకి వచ్చినవాడికి కూడా పాయింట్లు తేలిగ్గా వస్తాయి.

పెద్ద జట్ల ఉదాహరణ కావాలంటే 2009 నాటి జార్జియా టెక్ కాలేజీ జట్టుని చూడండి. కోచ్ పాల్ జాన్సన్, ఫుల్‌బ్యాక్ జొనాథన్ డ్వయర్. 2008లో ఏసీసీ అనే కాలేజీ లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు డ్వయర్. అతన్ని ఆపడానికి సేఫ్టీలు కిందకి దిగేవాళ్లు, వెనక రిసీవర్ డెమేరియస్ థామస్‌ని కాచడానికి ఒక్క కార్నర్ (పక్కన ఉండే డిఫెండర్) మాత్రమే మిగిలేవాడు. ఆ సీజన్‌లో థామస్ పట్టినవి 46 క్యాచ్‌లే, యార్డులు మాత్రం 1,154. ఒక్కో క్యాచ్‌కి పాతిక యార్డులు! ఎప్పుడూ పరిగెత్తే జట్టుకి ఆ పాస్‌లు ఎలా దొరికాయి అని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. డిఫెన్స్ కళ్లు ఎటు ఉన్నాయో చూస్తే ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు.

ఇక బలం అంటే ఏమిటి అన్న సంగతి. ఇక్కడే తల్లిదండ్రులు, కొన్నిసార్లు కోచ్‌లు కూడా పొరపడతారు. బరువు ఒక్కటే చూసి లైన్‌మన్ లాంటి పిల్లాడిని ఫుల్‌బ్యాక్‌గా పెడతారు. ఆప్షన్‌లో డైవ్ చాలా త్వరగా జరిగిపోయే ఆట. బంతి స్నాప్ అయిన (సెంటర్ వెనక్కి అందించిన) క్షణం నుంచి ఫుల్‌బ్యాక్ లైన్ దాటేదాకా ఒక సెకను అటూ ఇటూ. ఆ సమయంలో మొదటి రెండు అడుగులు ఎంత వడిగా పడ్డాయన్నదే ముఖ్యం. 195 పౌండ్లున్న మీ అబ్బాయి ఆ రెండడుగులు దూకుడుగా వేస్తే 230 పౌండ్లుండి నింపాదిగా కదిలేవాడి కన్నా చాలా మేలు. భుజాలు కిందకి ఉంచి, దెబ్బ తగిలినప్పుడు కాళ్లు ఆపకుండా, పడేటప్పుడు ముందుకే పడాలి. ముందుకి పడటం వల్ల ప్రతిసారీ ఒకటి, ఒకటిన్నర యార్డు అదనంగా వస్తుంది. మూడు డైవ్‌లకి మూడేసి యార్డులు వస్తే తొమ్మిది. పది యార్డులకి నాలుగు అవకాశాలు (డౌన్‌లు) కాబట్టి, నాలుగో డౌన్‌కి ఇంకా ఒక యార్డు. ఆప్షన్ కోచ్‌లు అక్కడ పంట్ కొట్టకుండా (బంతిని అవతలివాళ్లకి తన్నేయకుండా) ఎందుకు ఆడతారంటే, ఆ ఒక్క యార్డు తెచ్చేవాడు తమ దగ్గర ఉన్నాడని నమ్మకం ఉండబట్టే.

మా దగ్గర కొత్తగా వచ్చిన ఫుల్‌బ్యాక్‌కి మొదటి వారాల్లో నేను పరుగు నేర్పను. మెష్ నేర్పుతాను. మెష్ అంటే క్వార్టర్‌బ్యాక్ చేతులు, బంతి, ఫుల్‌బ్యాక్ పొట్ట కలిసి ఉండే ఆ కొద్ది క్షణం. నేల మీద లైన్‌మెన్ స్థానాలు గుర్తులు వేసిన పొడవాటి పట్టీ పరుస్తాం. ఫుల్‌బ్యాక్ వెనక్కి అర అడుగు కూడా వేయకుండా బయలుదేరాలి. ఇన్‌సైడ్ వీర్ అయితే సెంటర్ పక్కన ఉండే గార్డ్ బయటి తుంటి వైపు, మిడ్‌లైన్ అనే ఇంకో ఆట అయితే సెంటర్ మీదుగా తిన్నగా. దారి అర అడుగు పక్కకి పోయినా క్వార్టర్‌బ్యాక్ చేతులు చాచాల్సి వస్తుంది, లేదా ఇద్దరూ ఢీకొంటారు. క్వార్టర్‌బ్యాక్ వైపున్న మోచేయి పైకి లేచి ఉండాలి, రెండో చేయి కింద అరచేయి పైకి. బంతి పొట్టకి తగలగానే చేతులు మెత్తగా మూసుకోవాలి. బిగించకూడదు. క్వార్టర్‌బ్యాక్ లాగితే బంతి అడ్డు లేకుండా పోవాలి, అతను చేతులు తీసేస్తే అప్పుడు రెండు చేతులూ గట్టిగా బిగుసుకోవాలి. ఇచ్చేదీ లాగేదీ నిర్ణయించేది క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే. ఇద్దరూ నిర్ణయిస్తే బంతి నేల మీద ఉంటుంది.

మా దగ్గర ఒక పిల్లాడు ఉండేవాడు, మంచి బలం, మంచి వేగం. మిడిల్ స్కూల్‌లో అన్నేళ్లూ టెయిల్‌బ్యాక్‌గా (వెనక నిలబడి బంతి మోసేవాడిగా) ఆడటం వల్ల బంతి చేతికి తగిలిందంటే లాక్కునే అలవాటు. ప్రాక్టీసులో మొదట్లో రోజూ ఫంబుల్సే (బంతి జారవిడవడమే). వాడికి బంతిని చూడొద్దు అని చెప్పి, లైన్ వెనక లైన్‌బ్యాకర్‌గా ఒకరిని నిలబెట్టాను. మెష్ దాటి వచ్చాక ఆ లైన్‌బ్యాకర్ ఏ కాలు ముందు వేశాడో నాకు చెప్పాలి. అంతే. కళ్లు పైకి లేచేసరికి చేతులు వాటంతట అవే మెత్తబడ్డాయి. ఈ డ్రిల్ ఇప్పటికీ ప్రతి వారం చేయిస్తాం. వర్షం సూచన ఉంటే బంతిని బకెట్‌లో ముంచి మరీ చేయిస్తాం. మీ అబ్బాయి ఇంట్లో ప్రాక్టీస్ చేస్తానంటే మీరే క్వార్టర్‌బ్యాక్‌లా బంతి పెట్టి, కొన్నిసార్లు వదిలి కొన్నిసార్లు లాగేయండి. ఎదురుగా ఇంకొకరు వేళ్లు చూపించాలి, పిల్లాడు ఎన్ని వేళ్లో చెబుతూ పరిగెత్తాలి. పెరట్లో పది గజాల చోటు చాలు.

బంతి రానప్పుడు వాడి పని అయిపోయిందనుకోవద్దు. బంతి ఉన్నట్టే రెండు చేతులూ మూసుకుని, అదే వేగంతో లైన్‌లోకి దూరాలి. ఎవరూ పట్టుకోకపోతే లోపలి లైన్‌బ్యాకర్‌ని, అతను లేకపోతే సేఫ్టీని బ్లాక్ చేయాలి. శనివారం ఫిల్మ్ చూస్తూ మార్కులు వేసేటప్పుడు మా జట్టులో ఒక నియమం ఉంది: బంతి లేని ఫుల్‌బ్యాక్‌ని అవతలివాళ్లు టాకిల్ చేస్తే (పట్టి పడేస్తే) అతనికి ప్లస్. ఇద్దరు కలిసి పడేస్తే రెండు ప్లస్‌లు. బంతి మోయని ఆటలో ఇద్దరు డిఫెండర్లని తన మీద వేసుకున్నాడంటే, బయట మా స్లాట్‌కి ఇద్దరు తక్కువ. పిల్లలకి ఈ లెక్క అర్థమైన రోజు నుంచి "నాకు బంతి రావడం లేదు" అన్న మాట తగ్గిపోతుంది. మీ కోచ్‌ని కూడా ఇలాంటి మార్కుల పద్ధతి ఏదైనా ఉందా అని అడగమనండి. బాబుకి తన ఆట తనకి కనిపించడానికి అది బాగా పనికొస్తుంది.

ఈ పాత్ర నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. 1968లో టెక్సస్ యూనివర్సిటీలో హెడ్ కోచ్ డారెల్ రాయల్ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న ఎమరీ బెలార్డ్ విష్‌బోన్ అనే ఆప్షన్ అమరిక తయారుచేసినప్పుడు, ఉన్న మంచి బ్యాక్స్‌ని ముగ్గురినీ ఒకేసారి వాడుకోవాలన్నది ఆలోచన. మధ్యలో క్వార్టర్‌బ్యాక్‌కి దగ్గరగా నిలబడింది స్టీవ్ వూర్‌స్టర్. మొదటి రెండు గేముల్లో ఒకటి టై, ఒకటి ఓటమి. ఆ తరువాత వరసగా 30 విజయాలు. వూర్‌స్టర్ మధ్యలో డిఫెన్స్‌ని కట్టిపడేస్తుంటే క్వార్టర్‌బ్యాక్ జేమ్స్ స్ట్రీట్ బయట చోటు వెతుక్కునేవాడు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం నెబ్రాస్కాది. కోచ్ టామ్ ఆస్బర్న్ జట్టు ఐ-ఫార్మేషన్‌లో (బ్యాక్స్ ఒకరి వెనక ఒకరు నిలబడే అమరిక) ఆప్షన్ ఆడేది. అందులో ఫుల్‌బ్యాక్ ఎక్కువసార్లు బ్లాకర్, బంతి మోసేది వెనకున్న ఐ-బ్యాక్. మీ అబ్బాయి భయపడుతున్నది బహుశా ఇలాంటి పాత్ర గురించే. అయితే 1995 జనవరి 1న మయామీతో జరిగిన ఆరెంజ్ బౌల్ గేము చూడండి. నాలుగో క్వార్టర్‌లో మయామీ 17–9తో ముందుంది. వారెన్ సాప్ లాంటి డిఫెన్సివ్ టాకిల్ దూసుకొస్తున్నాడు. నెబ్రాస్కా ఫుల్‌బ్యాక్ ట్రాప్ ఆడింది. అంటే దూకుడుగా వచ్చే లైన్‌మన్‌ని రానిచ్చి, పక్క నుంచి ఇంకొకడు వచ్చి తోసేస్తే, ఆ ఖాళీలోంచి ఫుల్‌బ్యాక్ తిన్నగా వెళ్లిపోతాడు. కోరీ ష్లెసింగర్ ఒకసారి 15 యార్డులు, ఇంకోసారి 14 యార్డులు పరిగెత్తి రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. స్కోరు 24–17, జాతీయ చాంపియన్‌షిప్ నెబ్రాస్కాది. డిఫెన్స్ కళ్లు క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్ ఎటు పరిగెత్తుతాడా అని పక్కలకి తిరిగి ఉన్నాయి. గేము గెలిపించింది మధ్యలో ఉన్నవాడు.

ఇంకొక రకం విలువ గడియారం మీద. 2004 ఎమరాల్డ్ బౌల్‌లో నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ) జట్టు న్యూ మెక్సికో మీద ఒక్క డ్రైవ్‌లో (బంతి చేజారకుండా వరసగా) 26 ఆటలు ఆడి 14 నిమిషాల 26 సెకన్లు బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఒక క్వార్టర్ మొత్తానికి కాస్త తక్కువ! ఆ సీజన్ నేవీ ఫుల్‌బ్యాక్ కైల్ ఎకెల్. 2018లో సైనిక అకాడమీ ఆర్మీ జట్టు ఓక్లహోమా మైదానంలోనే 44 నిమిషాల 41 సెకన్లు బంతిని అట్టిపెట్టుకుని, ఓవర్‌టైమ్‌లో 28–21తో ఓడింది. ఆ ఏడాది ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రే, కాలేజీల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. అలాంటివాడిని బెంచి మీద కూర్చోబెట్టి ఆర్మీ గేముని అంతదాకా తెచ్చింది. మూడు, నాలుగు యార్డుల డైవ్‌లు నమ్మకంగా రాకపోతే ఇది సాధ్యపడదు.

అన్నీ అనుకూలంగానే చెబుతున్నాననుకోకండి, ఇబ్బందులు కూడా చెప్పాలి.

మంచి డిఫెన్స్‌లు ఊరుకోవు. అందరూ వాడే పద్ధతి ఒకటి ఉంది. ఎండ్ లోపలికి ముడుచుకుని ఫుల్‌బ్యాక్‌ని పట్టుకుంటాడు, లోపలి లైన్‌బ్యాకర్ అతని వెనక నుంచి బయటికి జారి క్వార్టర్‌బ్యాక్‌కి ఎదురొస్తాడు. క్వార్టర్‌బ్యాక్ రీడ్ సరిగ్గానే చేశాడు, బంతి లాగాడు, అయినా దొరికిపోయాడు. మా జట్టుకి ఒక గేములో మొదటి సగం అంతా ఇదే జరిగింది. హాఫ్‌టైమ్‌లో మేం చూసింది ఒక్కటే: ఆ లైన్‌బ్యాకర్ స్నాప్ అవగానే బయటికి పోతున్నాడంటే మధ్య ఖాళీ. రెండో సగంలో ఎండ్‌ని బ్లాక్ చేసేసి మిడ్‌లైన్, ట్రాప్ ఆడాం. మిడ్‌లైన్‌లో రీడ్ చేసేది లోపలి డిఫెన్సివ్ టాకిల్‌ని, అందువల్ల ఎండ్ ముడుచుకున్నా తేడా పడలేదు. ఫుల్‌బ్యాక్ నేరుగా సేఫ్టీ దాకా వెళ్లిపోయాడు. రెండు సిరీస్‌ల తరువాత లైన్‌బ్యాకర్ కదలడం మానేశాడు, మా మామూలు వీర్ మళ్లీ నడిచింది. ఇది చెప్పడం ఎందుకంటే, మీ అబ్బాయికి ఒక గేములో బంతి నాలుగుసార్లే రావచ్చు, తరువాతి వారం పాతికసార్లు రావచ్చు. అది కోచ్ ఇష్టాయిష్టాల వల్ల కాదు, అవతలివాళ్లు ఏం వదిలిపెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది.

దెబ్బల విషయం దాచను. ఈ స్థానంలో బంతి ఉన్నా లేకపోయినా దెబ్బ తగులుతుంది. తల వంచి హెల్మెట్ పైభాగంతో గుద్దడం ప్రమాదం, నియమాల ప్రకారం ఫౌల్ కూడా. కళ్లు పైకి, భుజంతో తాకాలి అని ప్రతిరోజూ చెప్పే కోచ్ ఉంటేనే మీరు నిశ్చింతగా ఉండండి. ప్రాక్టీసులో నిజమైన టాకిలింగ్ వారానికి ఎంతసేపు ఉంటుందో అడగండి, మొహమాటపడొద్దు. మెడ కండరాలకి వ్యాయామం చేయిస్తున్నారా అన్నది కూడా అడగండి. తలనొప్పి, తూలడం లాంటివి ఉంటే ఆ రోజుకి ఆట ఆపాల్సిందే, గేము ఎంత ముఖ్యమైనదైనా సరే. ఇంకొకటి, టీవీలో పాత కాలేజీ గేములు చూసి బ్యాక్స్ కాళ్ల మీదకి దూకి బ్లాక్ చేయడం బాబు నేర్చుకోకుండా చూడండి. హైస్కూల్ నియమాల్లో బ్యాక్స్‌కి అది కుదరదు. కాలేజీలో కూడా 2022 నుంచి నడుము కింద బ్లాక్‌లని టాకిల్స్ మధ్య ఉన్న ఇరుకు చోటుకే పరిమితం చేశారు. నిలబడి బ్లాక్ చేయడం నేర్చుకున్నవాడికే ముందు ముందు పని.

కోచ్ మధ్యలో ఎప్పుడైనా షాట్‌గన్‌కి (క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి కొన్ని యార్డుల వెనక నిలబడే అమరిక) మారితే పాత్ర మారుతుంది. షాట్‌గన్ ఆప్షన్‌లో బ్యాక్ క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడతాడు, డైవ్ అంత వడిగా తగలదు, మధ్యలో గుద్దే పని కొంత క్వార్టర్‌బ్యాకే తీసుకుంటాడు. 2024లో ఆర్మీ క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డెయిలీ తనే 32 రషింగ్ టచ్‌డౌన్‌లు చేశాడు. అంటే ఆ జట్టుకి బలమైన రన్నర్ అవసరం పోలేదు, ఆ బాధ్యత వేరే చోటికి మారింది.

కాలేజీ గురించి మీరు అడగలేదు గానీ, మన తల్లిదండ్రుల మనసులో ఆ ప్రశ్న ఉంటుంది కాబట్టి చెబుతాను. పై స్థాయిలో ఈ ఆఫెన్స్ ఆడే జట్లు తక్కువ. ప్రధానంగా ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్. 2022లో ఎయిర్ ఫోర్స్ ఫుల్‌బ్యాక్ బ్రాడ్ రాబర్ట్స్ 1,700 యార్డులు దాటాడు, అక్కడ ఇది వెనకబడిన స్థానం కాదు. అయితే ఈ అకాడమీల్లో చేరాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి, చాలామందికి కాంగ్రెస్ సభ్యుడి నామినేషన్ కావాలి, చదువు గట్టిగా ఉండాలి, తరువాత సైన్యంలో సేవ చేయాలి. మిగతా కాలేజీల వాళ్లు ఫుల్‌బ్యాక్‌ని చూసేటప్పుడు లైన్‌బ్యాకర్‌గానో, హెచ్-బ్యాక్‌గానో (బ్లాక్ చేస్తూ పాస్‌లు కూడా పట్టే బ్యాక్) పనికొస్తాడా అని చూస్తారు. అందుకని బాబుని డిఫెన్స్‌లో కూడా ఆడనివ్వమని కోచ్‌ని అడిగితే తప్పులేదు. అక్కడితో మూసేసిన దారి అని కూడా అనుకోకండి: సింజిన్ డేస్ జార్జియా టెక్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చాడు, చివరి ఏడాది బి-బ్యాక్ అయ్యాడు, 2014 డిసెంబర్ 31న ఆరెంజ్ బౌల్‌లో మిసిసిపీ స్టేట్ మీద 171 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు చేశాడు.

మీరూ బాబూ కలిసి ఆర్మీ, నేవీల పాత గేము ఒకటి పెట్టుకుని, మొదటి క్వార్టర్ అంతా బంతిని వదిలేసి ఫుల్‌బ్యాక్‌ని మాత్రమే చూడండి. ప్రతి ఆటకీ అతన్ని ఎంతమంది తాకారో కాగితం మీద రాసుకోమనండి. తరువాత మీ జట్టు ఫిల్మ్‌లో అదే చేయండి. ఆ క్లిప్పుల్లో ఏదైనా ఆట అర్థం కాకపోతే ఏ డిఫెండర్‌ని వదిలేశారో, క్వార్టర్‌బ్యాక్ ఏం చేశాడో ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.